చిటికెడైతే చుట్టం... చెంచాలకొద్దీ అయితే చేటు!

కేకుల డబ్బాలో ఉండే తెల్లపొడి కథ - మన చింతపండుకు దానితో ఉన్న బంధుత్వం

కేకులు, బిస్కెట్ల తయారీ విధానం చదువుతున్నప్పుడు 'క్రీమ్ ఆఫ్ టార్టార్ - పావు టీ స్పూను' అన్న మాట దగ్గర మీరెప్పుడైనా ఆగిపోయారా? పేరులో క్రీము ఉంది కాబట్టి మీగడలాంటిదేమో అనుకుని ఫ్రిజ్‌లో వెతికేవారున్నారు. బేకింగ్ పౌడరుకే అది ఇంకో పేరనుకుని సర్దుకుపోయేవారున్నారు. అసలు దాన్ని వదిలేసి కేకు చేసి, అది పొంగకపోతే ఓవెన్‌ను తిట్టుకునేవారూ ఉన్నారు!

ఇది మీగడా కాదు, బేకింగ్ పౌడరూ కాదు. పుల్లగా ఉండే ఒక తెల్లటి పొడి. శాస్త్రజ్ఞులు దీన్ని పొటాషియం బైటార్టరేట్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి. దీని మూలపదార్థమైన టార్టారిక్ ఆమ్లం రోజూ మీ చేతిలో నలుగుతున్నదే. మన చారుకీ, పులుసుకీ, పులిహోరకీ ఆ కమ్మటి పులుపు ఎక్కడినుంచి వస్తోందనుకున్నారు? నిమ్మకాయలో పులుపు సిట్రిక్ ఆమ్లానిది, పెరుగులో పులుపు లాక్టిక్ ఆమ్లానిది. చింతపండులోనూ, ద్రాక్షలోనూ ఉండేది ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లం. చింతపండు గుజ్జులో నూటికి సుమారు 8 నుంచి 18 పాళ్ళ వరకు ఇదే ఉంటుంది. అందులో కొంత భాగం పొటాషియంతో కలిసి, మనం చెప్పుకుంటున్న ఈ పొడి రూపంలోనే ఉంటుంది. అంటే విదేశీ పేరుతో షాపుల్లో దొరికే ఈ పొడి మన చింతపండుకు దగ్గరి చుట్టమేనన్నమాట!

చుట్టమే అయినా గౌరవం ఇచ్చినంత దూరంలో ఉంచాలి. చిటికెడు వాడితే వంటింట్లో ఎన్నో పనులు చక్కబెడుతుంది. మందనుకుని చెంచాలకొద్దీ మింగితే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండు సంగతులూ తెలిసి ఉండడం ప్రతి ఇల్లాలికీ అవసరం.

పుట్టినిల్లు ద్రాక్షతోట

ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ లాంటి దేశాల్లో ద్రాక్షరసాన్ని పీపాల్లో పులియబెడతారు. ఆ పీపాల గోడలకు లోపలివైపు రాయిలాంటి మడ్డి పేరుకుంటుంది. దాన్నే టార్టార్ అంటారు. దాన్ని గీకి, వేడినీళ్ళలో కరిగించి, వడగట్టి, చల్లార్చి శుద్ధి చేస్తే తెల్లటి పలుకులు వస్తాయి. ఆ పలుకుల పొడే క్రీమ్ ఆఫ్ టార్టార్. 1769లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త షీలే దీనినుంచే టార్టారిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు.

'అయితే ఇందులో మద్యం ఉంటుందా?' అని చాలామందికి అనుమానం. ఉండదు. శుద్ధి చేసిన పొడిలో ఆ వాసన కూడా మిగలదు. గుడ్డుగానీ, జంతువుల కొవ్వుగానీ ఇందులో లేవు కాబట్టి శాకాహారులు నిశ్చింతగా వాడవచ్చు. బిస్కెట్లు, చాక్లెట్ల ప్యాకెట్ల మీద పదార్థాల జాబితాలో 336 అనే అంకె కనిపిస్తే అది ఈ పొటాషియం టార్టరేట్ల గుర్తే. 334 అంటే టార్టారిక్ ఆమ్లం.

ద్రాక్షరసంలో గాజుపెంకులా?

హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో పండిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష రుచి ఎరగనివారు తక్కువ. అది కావచ్చు, నల్లద్రాక్ష కావచ్చు, ఇంట్లో రసం తీసి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టారనుకోండి. రెండు రోజుల తరువాత అడుగున గాజుపలుకుల్లాంటివి మెరుస్తూ కనిపిస్తాయి. సీసా పగిలిందేమోనని భయపడి రసమంతా సింకులో పారబోస్తాం.

కొత్త సీసా, ఎక్కడా పగుల్లేదు అని రూఢి అయితే పారబోయకండి. అవి ద్రాక్షలో సహజంగా ఉండే ఈ లవణపు పలుకులే. దీని స్వభావం చిత్రంగా ఉంటుంది. మరిగే నీళ్ళు 100 మిల్లీలీటర్లలో సుమారు 6 గ్రాములు కరుగుతుంది. మామూలు నీళ్ళలో అయితే సుమారు అర గ్రాము మాత్రమే కరుగుతుంది. అందుకే రసం చల్లబడగానే పలుకుగట్టి అడుక్కి దిగుతుంది. అనుమానం తీరాలంటే ఓ పలుకు తీసి గ్లాసుడు మరిగే నీళ్ళలో వేసి కలపండి. గాజు కరగదు, ఇది కరిగిపోతుంది. ద్రాక్ష జెల్లీ చేసేవారు రసాన్ని ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు కదపకుండా పైతేట మాత్రం వంచుకుంటే జెల్లీలో పలుకులు పంటికి తగలవు.

కేకు ఎలా పొంగుతుంది?

వంటసోడా ఒంటరిగా సరిగా పనిచేయదు. దానికి పులుపు తోడు కావాలి. రెండూ తడిలో కలవగానే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పుట్టి పిండిని పొంగిస్తుంది. పులుపు చాలకపోతే కొంత సోడా అలాగే మిగిలిపోయి, సబ్బు వాసన, చేదు, పసుపురంగు మచ్చలు వస్తాయి. బజ్జీల పిండిలో సోడా ఎక్కువైనప్పుడు మీరు చూసే ఉంటారు.

కాబట్టి ఈ చిన్న సూత్రం గుర్తుంచుకోండి. పిండిలో పెరుగో, మజ్జిగో, నిమ్మరసమో ఉంటే సోడా ఒక్కటి చాలు. అలాంటి పులుపు ఏదీ లేకపోతే సోడాకు తోడుగా క్రీమ్ ఆఫ్ టార్టార్ కావాలి.

ఇంకో తమాషా చెప్పనా? ఈ రెండూ కలిసి బుడగలు తేలిపోయాక పిండిలో మిగిలేది రోషెల్ సాల్ట్ అనే ఇంకో టార్టరేట్. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లా రోషెల్ పట్టణంలో మందులు తయారుచేసే సేన్యెత్ కుటుంబంవారు దీన్ని విరేచనాల మందుగా అమ్మారు. ఇంటర్లో సైన్సు చదివినవారికి చక్కెరను కనిపెట్టే ఫెహ్లింగ్ ద్రావణం గుర్తుందా? అందులోనూ ఇది ఉంటుంది. ఒకప్పటి గ్రామఫోన్ల ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చడానికి కూడా ఈ లవణపు స్ఫటికాలే వాడేవారు. కేకు ముక్కలో మిగిలేది మరీ కొద్దిగా కాబట్టి దానివల్ల పొట్టకు ఇబ్బందేమీ లేదు.

ఇంట్లోనే బేకింగ్ పౌడరు

కావలసినవి: క్రీమ్ ఆఫ్ టార్టార్ 2 టీ స్పూన్లు, వంటసోడా 1 టీ స్పూను, కార్న్‌ఫ్లోర్ 1 టీ స్పూను.

చేసే విధానం: స్పూన్లు, గిన్నె, జల్లెడ తడి లేకుండా తుడుచుకోండి. మూడింటినీ కలిపి మూడుసార్లు జల్లించండి. పొడిసీసాలో పోసి మూత గట్టిగా బిగించి, తయారుచేసిన తేదీ రాసి అంటించండి. కార్న్‌ఫ్లోర్ గాలిలోని తేమను తను పీల్చుకుని మిగతా రెండూ ముందే కలహించుకోకుండా కాపాడుతుంది. కప్పు మైదాకు 1 నుంచి ఒకటిన్నర టీ స్పూన్లు సరిపోతుంది.

ఒక జాగ్రత్త. బజారు బేకింగ్ పౌడర్లలో చాలావాటికి ఓవెన్ వేడి తగిలాక రెండోసారి పొంగే గుణం ఉంటుంది. ఇంట్లో చేసినదానికి అది లేదు. తడి తగలగానే బుడగలు మొదలవుతాయి. కాబట్టి ముందే ఓవెన్‌నో, ఇసుక పోసిన కుక్కరునో వేడిచేసి ఉంచుకోండి. పిండి కలిపిన వెంటనే లోపల పెట్టేయండి. పిండి కలిపి, పక్కింటావిడ పిలిస్తే గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వచ్చారంటే కేకు పొంగదు!

సీసాలో పొడి బాగుందో లేదో తెలియాలంటే అర స్పూను తీసి పావు కప్పు వేడినీళ్ళలో వేయండి. బుసబుసమని నురగ వస్తే మంచిది. చప్పగా ఉండిపోతే పారేయండి. క్రీమ్ ఆఫ్ టార్టార్ ఒక్కటే అయితే తేమ తగలకుండా దాస్తే ఏళ్ళ తరబడి చెడిపోదు.

చిటికెడుతో చక్కబడే పనులు

* గుడ్డు తెల్లసొన గిలక్కొట్టేటప్పుడు ఒక్కో గుడ్డుకు చిటికెడు, అంటే టీ స్పూనులో ఎనిమిదో వంతు వేయండి. నురగ త్వరగా కూలిపోదు, ఎక్కువ కొట్టినా నీరు విడవదు. గిన్నెకు నూనె జిడ్డుగానీ, పచ్చసొన చుక్కగానీ అంటుకుని ఉంటే మాత్రం ఏది వేసినా నురగ రాదు.

* పంచదార పాకం చల్లారాక పలుకులు గడుతోందా? కప్పు పంచదారకు చిటికెడు వేసి కాయండి. పులుపు, వేడి కలిసి పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడతాయి. అవి మధ్యలో అడ్డుపడి పంచదార మళ్ళీ పలుకు కట్టకుండా ఆపుతాయి. గులాబ్ జామ్ పాకంలో మనం నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది కూడా ఇందుకే.

* కాలీఫ్లవర్ ఉడికించే నీళ్ళలో చిటికెడు వేస్తే పువ్వు పసుపురంగుకు తిరగదు. బీట్‌రూట్, ఎర్ర క్యాబేజీల ఎరుపు కూడా నిలుస్తుంది. ఆకుకూరల్లో మాత్రం వేయకండి. పులుపు తగిలితే పచ్చదనం పోయి గోధుమరంగు వస్తుంది.

* ఇంట్లో ఇది లేదనుకోండి, కంగారెందుకు? అర టీ స్పూను క్రీమ్ ఆఫ్ టార్టార్‌కు బదులు ఒక టీ స్పూను నిమ్మరసం వేసుకోవచ్చు. టార్టారిక్ ఆమ్లం పొడి దొరికితే మాత్రం సగం కంటే తక్కువ చాలు, అది దీనికంటే ఘాటు. రెండూ తెల్లపొడులే కాబట్టి డబ్బాల మీద పేర్లు తప్పకుండా రాసిపెట్టండి.

సెలవుల్లో పిల్లలకు ఆట పిండి

మైదా 1 కప్పు, ఉప్పు అర కప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ 2 టీ స్పూన్లు, నూనె 1 పెద్ద చెంచా, నీళ్ళు 1 కప్పు, కొద్దిగా తినే రంగు. అన్నీ ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటెతో తిప్పుతూ ఉండండి. హల్వాలా అంచులు వదిలి ముద్దకాగానే దించి, చల్లారాక మెత్తగా పిసకండి. గాలి తగలని డబ్బాలో పెడితే వారాల తరబడి మెత్తగా ఉంటుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు ఇవ్వకండి. ఇంట్లో కుక్క ఉంటే ఈ ముద్ద దానికి అందనివ్వకండి. కారణం ఇంకాస్త కింద చదవండి.

గిన్నెల మెరుపు వెనుక రహస్యం

మన అమ్మమ్మలు పులుసు పిండిన చింతపండు పిప్పిని పారేసేవారు కాదు. దానికి కాస్త ఉప్పు చేర్చి ఇత్తడి బిందెలు, రాగి చెంబులు తోమితే బంగారంలా తళతళలాడేవి. రాగి మీద పేరుకున్న నల్లటి పొరను పులుపు కరిగిస్తుంది. కరిగిన రాగిని టార్టరేట్ పట్టుకుని నీళ్ళతో పాటు బయటకు తీసుకుపోతుంది. కుక్కరు అడుగున నీళ్ళలో ఓ చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మచెక్కో వేస్తే సత్తు కుక్కరు లోపల నల్లబడకపోవడానికి కారణం కూడా ఈ పులుపే. ఇప్పటికే నల్లబడి ఉంటే లీటరు నీళ్ళకు 2 టీ స్పూన్ల క్రీమ్ ఆఫ్ టార్టార్ వేసి పది నిమిషాలు మరిగించి తోమండి. అయితే ఇంట్లో చింతపండు ఉండగా దీనికోసం డబ్బు ఖర్చుపెట్టనక్కర్లేదు!

గిన్నెను మెరిపించే ఆ గుణమే కూరను పాడుచేయగలదు. కళాయి పూత పోయిన ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు, చారు, పులిహోర గుజ్జు కాచినా, నిలవ ఉంచినా రాగి కరిగి అందులోకి దిగుతుంది. చిలుమెక్కిన ఆ పులుసు తింటే వికారం, వాంతులు తప్పవు. పాతకాలపు పాత్రలు మళ్ళీ ముచ్చటగా వాడుతున్నవారు ముందు కళాయి వేయించుకోండి.

మరో రెండు మాటలు. వంటింటి గట్టు కడప బండ అయినా, నేల షాబాదు బండ అయినా వాటి మీద చింతపండుగానీ, ఈ పొడి ముద్దగానీ వదిలేయకండి. అవి సున్నపురాళ్ళు. పులుపు తగిలినచోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. పాలరాయి సంగతీ అంతే. ఇక బాత్‌రూము కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరుతో చింతపండు, నిమ్మ ఉప్పు, వెనిగర్, ఈ పొడి ఏదీ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి అందకుండా చేస్తుంది. ఒకటి వాడి బాగా నీళ్ళు కొట్టాకే రెండోది ముట్టుకోండి.

మందు కాదు, మరవకండి!

అసలు ముఖ్యమైన సంగతి ఇది. 'పొట్ట శుభ్రపడుతుంది', 'కీళ్ళనొప్పులు తగ్గుతాయి', 'సిగరెట్లు మానిపిస్తుంది' అంటూ ఈ పొడిని నీళ్ళలో కలుపుకుని తాగమనే చిట్కాలు ఒకరినుంచి ఒకరికి పాకుతున్నాయి. దయచేసి నమ్మకండి.

ఒక టీ స్పూను పొడి బరువు 3 గ్రాములు. అందులో దాదాపు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక అరటిపండులో ఉండేదానికంటే కొంచెం ఎక్కువే. చిటికెడు వాడితే లెక్కలోకి రాదు. మూడు నాలుగు పెద్ద చెంచాలు ఒక్కసారి తాగితే సుమారు డజను అరటిపళ్ళలో ఉండేంత పొటాషియం ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ళ మధ్య ఉండాలి. బాగా పెరిగితే కండరాలు నీరసించిపోతాయి, గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఒక్కోసారి ముందుగా ఏ సూచనా కనిపించదు. పొట్ట శుభ్రం చేసుకోవాలని ఈ పొడి తాగిన ఇద్దరికి పొటాషియం ప్రాణాపాయ స్థాయికి పెరిగిన ఉదంతాన్ని 2013లో అమెరికా వైద్యులు ప్రచురించారు.

ఆరోగ్యవంతుల మూత్రపిండాలు ఎక్కువైన పొటాషియాన్ని బయటకు పంపేస్తాయి. అవి దెబ్బతిన్నవారిలో ఆ పని సరిగా జరగదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లాగా కిడ్నీ జబ్బు ఇంటింటినీ పీడిస్తున్నచోట ఇలాంటి చిట్కాలు మరీ ప్రమాదం. డయాలసిస్ చేయించుకుంటున్నవారు, చాలాకాలంగా షుగరు ఉండి కిడ్నీలు దెబ్బతిన్నవారు, గుండెజబ్బుకూ, బీపీకీ కొన్ని రకాల మాత్రలు వాడేవారు - వీళ్ళెవరికీ ఈ పొడి చెంచాలతో ఇవ్వకూడదు. 'సోడియం తక్కువ' అని అమ్మే ఉప్పుల్లోనూ పొటాషియమే ఉంటుంది కనుక అవి కూడా డాక్టరును అడిగే వాడండి. ఎవరైనా పొరపాటున ఎక్కువ తాగితే వాంతి చేయించే ప్రయత్నాలతో కాలయాపన చేయకుండా, డబ్బా వెంటపెట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పేరులో పోలిక ఉన్న ఇంకో పదార్థం ఉంది - టార్టార్ ఎమెటిక్. ఇది పొటాషియంతో పాటు యాంటిమొనీ అనే విషలోహం ఉన్న టార్టరేట్. ఒకప్పుడు కాలా అజార్ జ్వరానికి సూదిమందుగా ఇచ్చేవారు. దాని దుష్ఫలితాలు చూసిన కలకత్తా డాక్టరు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి అంతకంటే మెరుగైన యూరియా స్టిబమైన్‌ను 1920 ప్రాంతంలో తయారుచేసి ఎందరి ప్రాణాలో నిలిపారు. పేరు కలిసినంత మాత్రాన ఒకటి కాదు. కాబట్టి వంటకు కొనేది బేకరీ సామాను అమ్మే మంచి షాపులో, సీలు వేసిన డబ్బాలో, పూర్తి పేరు చూసి కొనండి.

పళ్ళ మీద పట్టే గారను కూడా డాక్టర్లు టార్టార్ అనే అంటారు. అందుకని దీంతో పళ్ళు తోముకోవచ్చనుకునేరు! పులుపు పంటి మీది ఎనామిల్‌ను అరగదీస్తుంది. గార తీయడం పళ్ళ డాక్టరు పని.

బుజ్జి కుక్కకు పులిహోర వద్దు

ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్కల్లో కొన్నింటికి కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో చాలా ఏళ్ళపాటు పశువైద్యులకు అంతుబట్టలేదు. క్రీమ్ ఆఫ్ టార్టార్ వేసి ఇంట్లో చేసిన ఆట పిండిని తిన్న ఒక కుక్కకు సరిగ్గా అలాగే జబ్బు చేయడంతో అమెరికాలో జంతువుల విషప్రభావాలు పరిశీలించే వైద్యులకు దారి దొరికింది. టార్టారిక్ ఆమ్లం, దాని పొటాషియం లవణమే కారణం కావచ్చని వారు 2021లో రాశారు. ఆ తరువాత చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. మనకు హాయిగా అరిగేది వాటికి పడదు. కాబట్టి ద్రాక్ష, కిస్మిస్ వేసిన పాయసం, పులిహోర, చారన్నం కుక్కకు పెట్టకండి. తిని వాంతులు చేసుకుంటుంటే మర్నాటిదాకా ఆగకుండా అదేరోజు పశువుల డాక్టరుకు చూపించండి.

చూశారుగా! పేరు పెద్దదే అయినా మనకు తెలిసిన పులుపే. ఈసారి వంటల పేజీలో దీని పేరు కనిపిస్తే ధైర్యంగా చిటికెడు వేసి కేకు కాల్చండి. ఎవరైనా 'చెంచాడు కలుపుకుని తాగు వదినా, ఒంటికి మంచిది' అంటే మాత్రం నిర్మొహమాటంగా వద్దని చెప్పి, ఎందుకు వద్దో వారికి కూడా వివరించండి.